గవ్వ, చిప్ప, పీత: గంజాం తీరంలో పసిపిల్లలకు మాటలు అబ్బే తీరు

బరంపురానికి 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న గోపాల్‌పూర్ తీరానికి ఆదివారం సాయంత్రం వచ్చే తెలుగు కుటుంబాల్లో, ఇసుకలో దొరికినదాన్ని ఎత్తి పట్టుకుని "ఇదేటి?" అని అడిగే మూడేళ్ల పిల్ల ఎవరో ఒకరు ఉంటారు. అమ్మ "గవ్వ" అంటుంది. నాయనమ్మ "గవ్వ కాదే, చిప్ప" అని దిద్దుతుంది. పక్కనే వేరుశనగకాయలు అమ్ముకునే ఒడియా ఆయన నవ్వుతూ "శాముకా" అంటాడు. ఇంగ్లిషు మీడియంలో రెండో తరగతి చదివే అన్నయ్య "షెల్" అని తేల్చేస్తాడు. ఒకే నిమిషంలో నాలుగు పేర్లు వచ్చాయి. పిల్ల చేతిలో ఉన్న వస్తువు మాత్రం ఒక్కటే. ఇలాంటప్పుడు పిల్లకు మాట ఎలా అబ్బుతుంది, ఏ మాట ముందు చెప్పాలి, నాలుగూ వింటే పిల్ల తికమకపడుతుందా అన్న ప్రశ్నలు ఈ ఒడిశా-ఆంధ్ర సరిహద్దు జిల్లాల్లో పిల్లలను పెంచే ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి. వాటికి జవాబులు వెతకబోతే సముద్రం కంటే వంటింటికే ఎక్కువసార్లు వెళ్లవలసి రావడం నాకు కొంత ఆశ్చర్యం కలిగించింది.

నాలుగు పేర్లకూ కారణం ఇక్కడి చరిత్రలోనే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. హద్దు గీశాక బరంపురం ఇటు, ఇచ్ఛాపురం అటు పడ్డాయి గాని, ఇళ్లలో మాట్లాడే భాష హద్దును చూసి ఆగలేదు. బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్, పర్లాకిమిడి వంటి చోట్ల తెలుగింటి పిల్ల ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఒడియా గాని ఇంగ్లిషు గాని వింటూ పెరుగుతుంది. తీరం వెంబడి వేట మీద బతికే తెలుగు కుటుంబాలు, ఒడియావారు నోలియాలని పిలిచేవారు, పూరీలోని పెంటకట దాకా ఉన్నాయి. ఆ వాడల్లో పెరిగే పిల్లలకు కవళ్లు, కానాగంతలు, చందువ, సొర, టేకు అన్నీ బడి ఈడు రాకముందే వేరువేరుగా తెలుస్తాయి, ఎందుకంటే వాటిని ఏరడం, ఆరబెట్టడం, అమ్మడం వాళ్ల కళ్లముందే జరుగుతుంది. పట్నంలో పెరిగే పిల్లకు మాత్రం అన్నీ కలిపి "చేప". కాబట్టి సముద్రపు మాటలు "నేర్పవలసిన" అవసరం ప్రధానంగా మా వంటి పట్నపు ఇళ్లదేనని మొదటే ఒప్పుకోవాలి.

వస్తువును చూపించి పేరు చెబితే పిల్ల నేర్చుకుంటుందని మనం అనుకుంటాం. అది కనిపించినంత సులువు కాదని 1960లో అమెరికా తత్త్వవేత్త విల్లర్డ్ క్వైన్ ఒక ఊహా సన్నివేశంతో చూపించాడు. తెలియని భాష మాట్లాడే మనిషి, పరుగెత్తే కుందేలును చూసి ఒక మాట అన్నాడనుకుందాం. ఆ మాటకు అర్థం కుందేలా, తెల్లదనమా, పరుగా, ఈ రాత్రి కూరా? వినేవాడికి వేలు ఒక్కటే దారి చూపదు. మన పిల్ల పరిస్థితీ అదే. చిప్పను చూపి "చిప్ప" అంటే ఆ మాట దాని గరుకుదనానికా, మెరుపుకా, దొరికిన చోటుకా, అన్నీ కలిసిన వస్తువుకా అని ఆమెకు ఎవరూ విప్పి చెప్పలేదు.

అయినా పిల్లలు నేర్చుకుంటున్నారు. వారు కొన్ని అంచనాలతో మొదలుపెడతారని 1980ల నుంచి ఎలెన్ మార్క్‌మన్ వంటి మనోవిజ్ఞానవేత్తలు చెబుతూ వచ్చారు. కొత్త మాట వినగానే అది ఏ భాగానికో, రంగుకో కాక మొత్తం వస్తువుకు చెందుతుందని పిల్ల అనుకుంటుంది; అదే మాట అలాంటి మిగతా వస్తువులకూ వర్తిస్తుందనుకుంటుంది; ఒక వస్తువుకు ఒకే పేరు ఉంటుందని కూడా అనుకుంటుంది. మొదటి రెండూ ఆమెను చాలా దూరం నడిపిస్తాయి, అప్పుడప్పుడు దారి తప్పిస్తాయి కూడా. ఇసుక బొరియలోంచి బయటికొచ్చి పక్కకు పరుగు తీసే చిన్న పీతను చూసి మా ఇంటి పిల్ల మొదట "సాలీడు" అంది. పక్కనున్నవాళ్లు నవ్వారు. నిజానికి కాళ్లు లెక్కపెట్టకపోయినా, చాలా కాళ్లతో గబగబా పాకే చిన్న ప్రాణి అన్న పోలిక సరిగానే పట్టుకుంది. అలాంటప్పుడు "కాదు, తప్పు" అనడం కంటే "సాలీడులాగే ఉంది కదూ, కాని దీనికి డెక్కలున్నాయి చూడు, పీత" అంటే పిల్ల కట్టుకున్న పోలిక కూలిపోకుండానే దాని పక్కన కొత్త గది లేస్తుంది. పీత అన్నాక మన పెద్దవాళ్లు ఎలాగూ "సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి" అంటారు. అర్థం తెలియకపోయినా ఆ ప్రాసే ఆ మాటను నాలుక మీద నిలుపుతుంది.

పీత, గవ్వ, తాబేలు చేతితో చూపించగలిగేవి. అసలు చిక్కు అల దగ్గర వస్తుంది. అలకు అంచు లేదు, పట్టుకుంటే చేతిలో నిలవదు, వేలు చూపించేలోగా అది నీళ్లైపోతుంది. అల ఒక వస్తువు కంటే ఒక జరుగుబాటుకు దగ్గర. బొమ్మల పుస్తకంలో నీలం రంగు వంకర గీత కింద "అల" అని రాసి ఉంటుంది గాని, ఆ గీతకూ మోకాళ్లదాకా తడిపి కాలికింది ఇసుకను లాక్కుపోయేదానికీ సంబంధం పిల్లకు ఎలా తోస్తుంది? ఇక్కడ తెలుగు వాక్యం మనకు సాయం చేస్తుంది. మన మాటల్లో కర్తను వదిలేయడం సహజం, క్రియ వాక్యం చివర గట్టిగా వినబడుతుంది. "వస్తోంది, వస్తోంది... విరిగింది! పోయింది, పోయింది, వెనక్కి పోయింది" అని ఒడ్డున నిలబడి నాలుగుసార్లు అన్న తరువాత "అల వచ్చింది" అంటే, ఏది వచ్చి విరిగి పోయిందో దానికే ఆ పేరని పిల్లకు అందుతుంది. నామవాచకాల జాబితా పట్టుకుని తీరానికి వెళ్లేవారు ఈ క్రియలన్నిటినీ వదిలేస్తారు. తడపడం, జారడం, మునగడం, తేలడం, ఈడవడం, కొట్టుకురావడం వంటి మాటలకు సముద్రం కంటే మంచి బడి దొరకదని నా అభిప్రాయం.

ఆటు, పోటు అన్న జంట కూడా ఇలాంటిదే. పెద్దవాళ్లకే "ఆటుపోట్లు" అనగానే వ్యాపారంలోనో కాపురంలోనో వచ్చే కష్టసుఖాలు గుర్తొస్తాయి గాని, నీరు పైకి ఎక్కి రావడం పోటు, వెనక్కి తీయడం ఆటు అని గుర్తుండదు. నాలుగేళ్ల పిల్లకు చంద్రుడి ఆకర్షణ గురించి చెప్పనక్కరలేదు. వచ్చీ రాగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, రెండు గంటల తరువాత ఇంటికి బయలుదేరేముందు ఆ పుల్ల నీళ్లలో ఉందో పొడి ఇసుకలో ఉందో చూపిస్తే చాలు.

ఇప్పుడు వంటింటి సంగతి. సముద్రాన్ని ఎన్నడూ చూడని తెలుగు పిల్లకు కూడా సముద్రపు మాటల్లో చాలా భాగం అప్పటికే తెలిసి ఉంటుంది, వాటిని ఆమె మరో చోట విన్నది, అంతే. గవ్వనే తీసుకుందాం. సంక్రాంతికో ఊరి ప్రయాణానికో పిండి ముద్దలను చెక్క పలక మీద గీతలు పడేలా ఒత్తి, నూనెలో వేయించి, బెల్లం పాకం పట్టించే గవ్వలు పిల్ల నోటికి ముందే తెలుసు. ఒక పక్క ఉబ్బుగా, మరో పక్క నోరు తెరిచినట్లు చుట్టుకున్న ఆ రూపం సముద్రపు గవ్వదే. తీరంలో నిజమైన గవ్వ దొరికినప్పుడు "ఇదిగో, బెల్లం గవ్వలాగే ఉంది" అన్న ఒక్క మాట, రంగుల చార్టు మీద పది పాఠాలకంటే ఎక్కువ పని చేస్తుంది. గవ్వలతో ఆడే అష్టాచెమ్మా ఇంట్లో ఉంటే మరీ మంచిది. "చిల్లిగవ్వ లేదు" అన్న మాట వెనుక ఉన్న డబ్బు కథ పిల్ల పెద్దయ్యాక వింటుంది. ఒడిశాలో ఒకప్పుడు గవ్వలే చలామణీలో ఉండేవని, బ్రిటిష్ వారు వెండి నాణేల్లో పన్ను కట్టమన్నప్పుడు రగిలిన బాధ 1817 నాటి పైకా (స్థానిక సైనికుల) తిరుగుబాటుకు ఒక కారణమైందని పెద్ద తరగతుల్లో తెలుసుకుంటుంది.

చిప్ప మరింత ఉపయోగకరమైన మాట. కొబ్బరి చిప్ప, మోకాలి చిప్ప, తాబేటి చిప్ప, ఆల్చిప్ప, ముత్యపు చిప్ప అన్నిటిలోనూ గట్టిగా, గుంటగా, ఏదో ఒక మెత్తనిదాన్ని కప్పి ఉండేది అన్న భావం ఉంది. కొబ్బరికాయ కొట్టినప్పుడు చిప్పను చూసిన పిల్లకు ఆల్చిప్పలో ఒకప్పుడు ఒక ప్రాణి ఉండేదని చెబితే వెంటనే నమ్ముతుంది. నాయనమ్మ దిద్దుబాటు ఇక్కడే సార్థకమవుతుంది. పట్నపు తెలుగులో ఒడ్డున దొరికే ప్రతిదాన్నీ గవ్వ అనేస్తున్నాం. ఒకే ముక్కగా చుట్టుకున్నది గవ్వ, రెండు రెక్కలుగా మూసుకునేదానిలో ఒక రెక్క చిప్ప, మెలికలు తిరిగి కొసతేలినది శంఖం, మట్టిలో పాకే జీవిది నత్తగుల్ల అన్న తేడా ముసలివారి నోట ఇంకా నిలిచి ఉంది. ఒడియాలో శాముకా అన్న మాట ఇందులో కొన్నిటిని కలిపి చెబుతుంది, గవ్వను మాత్రం కఉడి అని విడిగా పిలుస్తుంది. ఏ భాషా మరొకదాని గీతల వెంబడి లోకాన్ని కోయదు.

తెడ్డు అన్నంలో కలియబెట్టేది, పడవను నడిపేది కూడా. నురగ పాలు పొంగినప్పుడు కనిపించేది, అల విరిగినప్పుడు కనిపించేది. ఉప్పు డబ్బాలోనిదే నీళ్లలోనూ ఉందని నాలుక చెబుతుంది. గంజాం జిల్లా హుమ్మా దగ్గరో, హద్దుకు అవతల నౌపడా దగ్గరో ఉప్పుమళ్లను రైలు కిటికీలోంచి చూపిస్తే ఆ రెండు ఉప్పుల మధ్య దారి కూడా కనబడుతుంది. జల్లెడ తెలిసిన పిల్లకు వల చెప్పడం తేలిక: నీరు పోతుంది, చేప నిలుస్తుంది.

ఇక రెండు భాషల భయం. ఇంట్లో తెలుగు, బయట ఒడియా వింటే పిల్లకు మాటలు ఆలస్యమవుతాయని, రెండూ కలిసిపోతాయని బరంపురంలో ఎన్నో ఇళ్లలో అంటారు. కొందరు బడి వారి సలహా మీద ఇంట్లో తెలుగు మాట్లాడడమే మానేశారు. ఒక వస్తువుకు ఒకే పేరుంటుందని పిల్ల అనుకుంటుందని పైన చెప్పాను కదా, ఆ అంచనాను పట్టుకుని చూస్తే ఈ భయం సమంజసంగానే కనిపిస్తుంది. కాని 2009లో క్రిస్టా బయర్స్-హైన్‌లైన్, జానెట్ వెర్కర్ ఏడాదిన్నర వయసు పిల్లలను పరిశీలించినప్పుడు, ఒకే భాష వినే పిల్లల్లో ఆ అంచనా స్పష్టంగా కనిపించింది, రెండు భాషలు వినే పిల్లల్లో బలహీనంగా ఉంది, మూడు భాషల పిల్లల్లో కనిపించనే లేదు. రెండు పేర్లు వినే పిల్ల ఒకదానికి రెండు పేర్లుండడాన్ని తప్పుగా భావించదు. తన చుట్టూ ఉన్న లోకం అలాగే నడుస్తోందని పసిగట్టేస్తుంది. మాటల లెక్క విషయంలోనూ అంతే. బార్బరా పియర్సన్ బృందం 1993లో స్పానిష్, ఇంగ్లిషు వినే పసిపిల్లల మాటలను లెక్కించి, రెండు భాషలనూ కలిపి చూస్తే వారు ఒకే భాష పిల్లలకు తీసిపోరని చూపించింది. ఒక్క తెలుగునే లెక్కపెట్టి "మన పిల్లకు తక్కువ మాటలు వచ్చు" అనడం, ఒక జేబు మాత్రమే తడిమి డబ్బు లేదనడం లాంటిది.

చేయవలసినదల్లా పేర్లను గుట్టగా పోయకుండా, ఎవరి మాట ఎవరిదో తెలిసేలా చెప్పడం. "మనం పీత అంటాం, పక్కింటి మావయ్య కంకడా అంటాడు." "మనది ఇసుక, వాళ్లది బాలి." "మనది అల, వాళ్లది ఢేఉ." "మనది తాబేలు, వాళ్లది కఇంఛ." కొన్ని జంటలు చుట్టాలే: శంఖం, శంఖ, సముద్రం, సముద్ర. ఒడియాలో వలను జాల అంటారు. మన జాలరి ఆ మాటలోంచే వచ్చినవాడు, వల పట్టుకుని మన ఇంటికి వచ్చాడు. ఇలాంటి ముచ్చట నాలుగేళ్ల పిల్లకు అందకపోవచ్చు, ఆరేళ్ల పిల్ల మాత్రం మరో జంట చెప్పమని వేధిస్తుంది.

పేర్ల కంటే లోతైన తేడా వ్యాకరణంలో ఉంది, దాన్ని గమనించేవారు తక్కువ. ఒడియాలో మూడు పీతలను "తినిటా కంకడా" అంటారు. లెక్క చెప్పే మాటకు "టా" తగులుతుంది, పీతకు బహువచనం అక్కరలేదు. ఇంట్లో కంటే వీధిలో ఎక్కువసేపు గడిపే పిల్ల "మూడు పీత" అంటే అది మందబుద్ధి కాదు, ఒడియా వాక్యానికి తెలుగు మాటలు తొడగడం. అలాగే తెలుగులో ఇసుక ఏకవచనం, నీళ్లు బహువచనం: "ఇసుక వచ్చింది", "నీళ్లు వచ్చాయి". ఎంత గుప్పెడైనా ఇసుక ఒకటే, ఒక్క దోసెడైనా నీళ్లు అనేకం. ఇలా ఎందుకో పెద్దలం చెప్పలేం, కనుక పిల్ల "నీళ్లు వచ్చింది" అన్నప్పుడు ముఖం చిట్లించడం న్యాయం కాదు. "అవును, నీళ్లు వచ్చాయి, కాళ్లు తడిశాయి" అని సరైన రూపాన్ని మన జవాబులో వినిపించి ముందుకు సాగడమే మేలు.

తెలుగులోనూ ఏ తెలుగు అన్నది మరో పేచీ. మా వైపు కెరటం అన్నా పుస్తకాల్లో అల, తరంగం ఎక్కువ. మా పీత గుంటూరు, నెల్లూరు వైపు ఎండ్రకాయ, పంచాంగంలో కర్కాటకం. పిల్లకు పుస్తకపు మాటే ముందు నేర్పాలనే పట్టుదల నాకు అర్థం కాదు. ఈ విషయంలో మనకు దగ్గరి ఉదాహరణ గిడుగు రామమూర్తి. 1863లో పుట్టి 1940లో పోయిన ఆయన చాలా కాలం పనిచేసినది ఇప్పుడు ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉన్న పర్లాకిమిడిలోనే. తెలుగు రాతలో వాడుక భాష కోసం పోరాడిన ఆ మనిషే, కొండల్లోని సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని తాను ఆ భాష నేర్చి, వాచకాలు రాసి, బడులు నడిపించాడు. 2020 జాతీయ విద్యావిధానం వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలంటోంది. బరంపురం బడుల్లో అది తెలుగు పిల్లలకు ఎంతవరకు అందుతుందన్నది వేరే చర్చ. తీరం మీద మాత్రం ఇంటి మాటతో మొదలుపెట్టడానికి ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో రుషికుల్యా నది మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షల సంఖ్యలో గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. ఒక్కో తాబేలు ఇసుకలో గుంట తవ్వి సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. నెలన్నర దాటాక, సాధారణంగా రాత్రివేళ, పిల్లలు పైకి వచ్చి నీటివైపు పాకుతాయి. మాటల విషయంలో ఇది గొప్ప సందర్భం, ఎందుకంటే పిల్లకు తెలిసిన తాబేలు చెరువులోదో, శ్రీకూర్మం గుడి దగ్గర చూసినదో. ఇక్కడిదానికి గోళ్ల కాళ్ల బదులు తెడ్డులాంటి కాళ్లు. "తెడ్డు కాళ్ల తాబేలు" అంటే పిల్లకు వంటింటి మాట మళ్లీ పనికొస్తుంది. తాకకూడదు, లైటు వేయకూడదు, దూరంగా నిలబడాలి అన్న మాటలు కూడా అక్కడే, ఆ పనితోపాటే నేర్పాలి.

ఫోనులో సముద్ర జీవుల వీడియోలు పెట్టి ఈ పనంతా తప్పించుకోవచ్చు కదా అంటారు. 2003లో పాట్రీషియా కూల్ బృందం అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలకు చైనా మాండరిన్ వినిపించి చూసింది. ఎదురుగా కూర్చుని ఆడుతూ మాట్లాడిన మనిషి నుంచి ఆ భాష ధ్వనులను పసిగట్టిన పిల్లలు, అదే మనిషి వీడియోలో మాట్లాడితే పట్టుకోలేకపోయారు. అది ధ్వనుల సంగతే అయినా, పిల్ల చూపు ఎటు పోతోందో చూసి అప్పుడే మాట అందించే మనిషి పని తెరకు రాదన్నది తల్లులకు ఎప్పుడో తెలుసు.

గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డు దాటగానే లోతుకు దిగుతుంది, లాగుడు ఎక్కువ. అందుచేత గవ్వ, పీత కంటే ముందే "ఆగు", "లోతు", "లాగేస్తుంది", "ఇవతలకి రా" అన్న నాలుగు మాటలు, చేయి పట్టుకుని, తడి ఇసుక మీద నిలబడి నేర్పాలి. వీటిని ఒడియాలో కూడా నేర్పడం మంచిది, ఒడ్డున కేకవేసే మనిషి ఏ భాషలో వేస్తాడో ఎవరికి తెలుసు.

సాలీడు అన్న మా ఇంటి పిల్ల, మరో ఆదివారం ఒక చిన్న శంఖాన్ని అరచేతిలో పెట్టుకుని తెస్తూ ఉంటే అది కాళ్లు చాపి నడవడం మొదలుపెట్టింది. ఖాళీ గుల్లలో దూరి కాపురముండే పీత అది. పుస్తకాల్లో సన్యాసి పీత అంటారు. మా నాయనమ్మకు ఆ మాట తెలియదు, నాకు సమయానికి గుర్తు రాలేదు. పిల్ల కాసేపు చూసి "గవ్వపీత" అంది. దాన్ని తడి ఇసుకలో వదిలిపెట్టాక, తిరిగి వస్తూ వేరుశనగకాయల ఆయన దగ్గర ఆగి, వాళ్ల మాటలో గవ్వపీతను ఏమంటారని అడిగింది. ఆయన పొట్లం చుడుతూ కాస్త ఆలోచించి "శాముకా కంకడా" అన్నాడు.